పేరు తెలిసినవాళ్ళకే జవాబు

73,056. గుంజాల గోండి లిపిలో 'అ' అనే అక్షరానికి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకున్న సంఖ్య ఇది. 2018 జూన్ 5న, ఇలాంటి సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం 11వ సంచిక వెలువడింది. అందులో గుంజాల గోండికి 63 గుర్తులు దక్కాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పది అంకెలు అన్నీ కలిపి.

గుంజాల ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గోండుల ఊరు. అక్కడ తరతరాలుగా దాచుకున్న డజను దాకా చేతిరాత ప్రతులను హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అవి 1750 ప్రాంతానివని అంచనా. ఆ లిపి చదవగలిగిన పెద్దలు అప్పటికి ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. 2014 మొదట్లో ఆ లిపికి ఒక ఫాంటు తయారైంది. 2015లో అంశుమన్ పాండే దాన్ని యూనికోడ్‌లో చేర్చాలని ప్రతిపాదన రాశారు. ఈ లిపిలో హల్లులు 'క'తో మొదలుకావు. య, వ, బ, భ, మ అయ్యాక గానీ 'క' రాదు. యూనికోడ్ వాళ్ళు దాన్ని మన ఓనమాల వరసలోకి దిద్దకుండా గుంజాల వరసనే ఉంచారు. అందుకే 'య'కు 73,068 వచ్చింది, 'క' దాని తర్వాత ఎక్కడో ఉంటుంది. చేసినవాళ్ళను మెచ్చుకోవాల్సిన పని ఇది.

సంఖ్య దొరకగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ సంఖ్య ఏ అక్షరానిదో ప్రతి ప్రోగ్రాముకూ విడిగా తెలియాలి. ఇంజనీరింగ్ కాలేజీల్లో, బాసర ట్రిపుల్ ఐటీలో పిల్లలు మొదట నేర్చుకునే భాషల్లో ఒకటైన పైథాన్‌ను తీసుకుందాం. అందులో యూనికోడ్‌డేటా అనే భాగం ఉంటుంది. దానికి ఒక సంఖ్య ఇస్తే దాని పేరేమిటో, అది అక్షరమో అంకెనో చెబుతుంది. పైథాన్ 3.6కు యూనికోడ్ 9వ సంచిక వరకే తెలుసు. దాన్ని 73,056 ఏమిటని అడిగితే అలాంటి పేరే లేదని తప్పు చూపించి ఆగిపోతుంది. 2018 జూన్ 27న వచ్చిన 3.7 మాత్రం 'గుంజాల గోండి లెటర్ ఎ' అని తడుముకోకుండా చెబుతుంది. యూనికోడ్ సంచిక వచ్చి అప్పటికి మూడు వారాలు దాటి ఒక్క రోజే అయింది. అదృష్టం కొద్దీ రెండింటి ముహూర్తాలూ దగ్గరపడ్డాయి, లేకపోతే ఆ 'అ' ఇంకో ఏడాదికి పైగా ఆగాల్సి వచ్చేది.

మరి పాత పైథాన్ ఉన్న కంప్యూటరు సంగతేమిటి? కాలేజీ ల్యాబుల్లో నాలుగైదేళ్ళ వెనకటి పైథాన్ కనబడటం వింతేమీ కాదు. మార్చాలంటే ఎవరి అనుమతో కావాలి, మారిస్తే పరీక్షల సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందేమోనన్న భయం ఒకటి. దీనికి మందు యూనికోడ్‌డేటా2 అనే ప్యాకేజీ. ఫాంట్లు తయారుచేసే పనిముట్లను నిర్వహించే ఫాంట్‌టూల్స్ బృందం దీన్నీ చూసుకుంటుంది. అసలు పైథాన్ జోలికి పోకుండా అక్షరాల పట్టికను మాత్రం కొత్తది తెచ్చిపెడుతుంది. దీని వెర్షన్ అంకెలు యూనికోడ్ సంచికల అంకెలనే అనుసరిస్తాయి. గుంజాల గోండి కావాలంటే 11.0.0, లేదా దాని తర్వాతది ఏదైనా సరే. ఇక తెలియాల్సిందల్లా అది ఎక్కడ దొరుకుతుంది, ఏయే వెర్షన్లు ఉన్నాయి, నా కంప్యూటరుకు సరిపడేది ఏది అన్నదే. ఈ అధ్యాయం ఆ మూడు ప్రశ్నల గురించి, ముఖ్యంగా వాటిని మనిషి కాక ప్రోగ్రాము అడిగితే ఏం జరుగుతుందన్న దాని గురించి.

పైథాన్ ప్యాకేజీలన్నిటికీ ఒకే చిట్టా ఉంది. దాన్ని పైపీఐ అంటారు. పెర్ల్ భాష వాళ్ళకు ఇలాంటిది 1995 నుంచే ఉండేది. పైథాన్ వాళ్ళకు కావాలని 2002లో రిచర్డ్ జోన్స్ ప్రతిపాదించారు, 2003లో అది మొదలైంది. మొదట్లో అందులో వివరాలే ఉండేవి, ఫైళ్ళు పెట్టుకునే సదుపాయం తర్వాత వచ్చింది. అప్పట్లో దాన్ని 'చీజ్ షాప్' అని ముద్దుగా పిలిచేవారు. మాంటీ పైథాన్ హాస్యబృందం ప్రదర్శించిన ఒక నాటికలో జున్ను కొట్టు ఉంటుంది, కొనడానికి వచ్చినవాడు రకం తర్వాత రకం అడుగుతూనే ఉంటాడు, కొట్లో జున్ను ముక్క కూడా ఉండదు. సరుకు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న చిట్టాకు ఆ పేరు భలేగా కుదిరింది. ఇప్పుడు అందులో ఐదు లక్షలకు పైగా ప్రాజెక్టులున్నాయి. ఎవరైనా పెట్టవచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఈ చిట్టాను మనుషులు బ్రౌజర్‌లో చూస్తారు. ప్రోగ్రాములు అలా చూడలేవు. రంగులు, బొమ్మలు, మెనూల మధ్యనుంచి వెర్షన్ అంకెను ఏరుకోవడం వాటికి కష్టం, పైగా రేపు పేజీ రూపం మారితే ఆ ఏరుకునే ప్రోగ్రాము కుప్పకూలుతుంది. వాటికి రూపం మారని, ఖచ్చితమైన ప్రశ్నా జవాబుల పద్ధతి కావాలి. అదే ఏపీఐ. దూరంగా ఉన్న కంప్యూటరులోని పనిని, పక్కనే ఉన్నట్టుగా పిలిచి చేయించుకోవచ్చన్న ఆలోచన పాతదే. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ 1984లో ప్రచురించిన వ్యాసం దానికి గట్టి పునాది వేసింది. ప్రోగ్రామరు ఒక్క వరుస రాస్తాడు. ఆ వరుసలోని పిలుపు సముద్రాలు దాటి ఎక్కడో అమలై జవాబు పట్టుకొస్తుంది. రాసినవాడికి మాత్రం అది తన కంప్యూటర్లోనే జరిగినట్టు ఉంటుంది.

ఉన్నట్టు ఉంటుంది, అంతే. నార్నూర్‌లో సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయినప్పుడు తేడా ఏమిటో తెలుస్తుంది. సొంత కంప్యూటర్లోని పిలుపు జరుగుతుంది లేదా తప్పు చూపిస్తుంది, మూడో దారి లేదు. దూరపు పిలుపుకు మూడో దారి ఉంది. ప్రశ్న వెళ్ళిందో లేదో, వెళ్ళి పని జరిగి జవాబు మాత్రం దారిలో పోయిందో ఎప్పటికీ తెలియకపోవచ్చు. వెర్షన్ ఎంత అని అడిగే ప్రశ్నకైతే చిక్కేం లేదు, ఇంకోసారి అడగవచ్చు. డబ్బు పంపమని చెప్పే ప్రశ్నకు మళ్ళీ అడగడం ఎంత ప్రమాదమో యూపీఐ వాడేవాళ్ళకు చెప్పక్కర్లేదు. అదృష్టవశాత్తు చిట్టాను అడిగే ప్రశ్నలన్నీ మొదటి రకానివే.

1998లో డేవ్ వైనర్ బృందం, మైక్రోసాఫ్ట్ వాళ్ళతో కలిసి, ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే సాదాసీదా పద్ధతి తయారుచేసింది. పైపీఐ చాలాకాలం పాటు దాంట్లోనే ప్రశ్నలు తీసుకుంది. యూనికోడ్‌డేటా2 వెర్షన్లు ఏమిటని అడిగే సందేశాన్ని విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. అన్నిటికన్నా పైన మెథడ్‌కాల్ అనే ట్యాగ్. దాని లోపల మెథడ్‌నేమ్, అందులో 'ప్యాకేజ్_రిలీజెస్' అని పని పేరు. తర్వాత పారామ్స్, అందులో ఒక పారామ్, అందులో ఒక వాల్యూ, అందులో స్ట్రింగ్, చిట్టచివరికి 'యూనికోడ్‌డేటా2' అనే మాట. అసలు ప్రశ్న రెండే మాటలు, మిగతాదంతా వాటికి తొడిగిన తొడుగే. జవాబు కూడా అలాగే మెథడ్‌రెస్పాన్స్ అని మొదలై, ఒక జాబితా, జాబితాలో ఒక్కో వెర్షన్‌కు ఒక్కో ట్యాగ్. ఇన్ని ట్యాగులు ఎందుకని విసుగు పుడుతుంది నిజమే. కానీ తెరిచి కళ్ళతో చదువుకోగలిగిన పద్ధతి కాబట్టే ఎందరో కుర్రవాళ్ళు దీన్ని చూసి నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. పైథాన్‌లోనైతే ఆ ట్యాగులు రాసే శ్రమ కూడా లేదు. సర్వర్‌ప్రాక్సీ అనే వస్తువును పైపీఐ చిరునామాతో తయారుచేసుకుని, చుక్క పెట్టి ఏ పని పేరు రాస్తే ఆ పేరుతో సందేశం తనే కట్టి పంపుతుంది.

చిన్న మెలికలు మాత్రం ఉండేవి. పాత పైపీఐలో ప్యాకేజ్_రిలీజెస్‌కు ప్యాకేజీ పేరు ఒక్కటే ఇస్తే దాచిపెట్టని వెర్షన్లే వచ్చేవి, సాధారణంగా అది చివరి వెర్షన్ ఒక్కటే. దాచినవి కూడా చూపించమని రెండో మాట చెప్పాలి. అది తెలియనివాడు 11.0.0 కోసం అడిగి, దానికంటే కొత్తది ఒక్కటే కనబడితే, పాతది తీసేశారనుకుంటాడు. ఇంకో వింత ఏమంటే, తప్పు జరిగినా నెట్‌వర్క్ స్థాయిలో 'అంతా సవ్యం' అనే 200 సంఖ్యే వచ్చేది. తప్పు సంగతి లోపల ఫాల్ట్ అనే ట్యాగులో ఉండేది. పైనున్న 200 చూసి సంతోషపడి జవాబు విప్పనివాడికి ఏం అర్థమవుతుంది?

వెర్షన్ల వరస ఇంకో చిక్కు. జాబితాలో 9.0.0, 10.0.0, 11.0.0, 12.0.0 ఉన్నాయనుకోండి. ప్రోగ్రాము వాటిని మామూలు మాటలుగా భావించి అకారాది క్రమంలో పేరిస్తే 10, 11, 12 ముందు వచ్చి 9 అన్నిటికన్నా చివర నిలబడుతుంది, ఎందుకంటే ఒకటి కంటే తొమ్మిది పెద్ద అక్షరం. చివరిదే కొత్తది అనుకునే ప్రోగ్రాము 9ని తెచ్చుకుంటుంది. దాంట్లో గుంజాల అక్షరం ఒక్కటీ లేదు. అందుకే పైథాన్ సమాజం వెర్షన్లను ఎలా పోల్చాలో విడిగా నియమం రాసుకుంది. చుక్కల మధ్య ముక్కలను సంఖ్యలుగా చదవాలి, ఆల్ఫా బీటాలు అసలు విడుదలకు ముందు రావాలి, 'పోస్ట్' అని తోక ఉన్నవి తర్వాత రావాలి. ఎన్నేళ్ళ అనుభవమున్న ప్రోగ్రామర్లు రాసిన స్క్రిప్టుల్లోనైనా ఈ 9, 10 తకరారు ఇవాళ్టికీ కనబడుతుంది.

వెర్షన్ తేలాక మూడో ప్రశ్న, నా కంప్యూటరుకు సరిపడే ఫైలు ఏది. ప్రతి వెర్షన్‌కూ అనేక ఫైళ్ళుంటాయి. ఫైలు పేరులోనే అంతా రాసి ఉంటుంది. ప్యాకేజీ పేరు, వెర్షన్, తర్వాత 'సీపీ36' అంటే సీ భాషలో రాసిన పైథాన్ 3.6 కోసమని, ఆపైన అది విండోస్‌దో లైనక్స్‌దో. ప్యాకేజీలను దింపి ఎక్కించే పిప్ అనే కార్యక్రమం ఈ పేర్లన్నీ చదివి మన యంత్రానికి కుదిరేదాన్ని ఎంచుకుంటుంది. దాంతోపాటు ప్రతి ఫైలుకూ ఒక ఎస్‌హెచ్‌ఏ256 ముద్ర ఉంటుంది, 64 గుర్తుల పొడవు. దిగిన ఫైలు నుంచి మళ్ళీ ఆ ముద్రను లెక్కగట్టి చిట్టాలోని ముద్రతో పోలుస్తారు. దారిలో ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడు ఈ వివరాలన్నీ ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీని అడగాల్సిన పని లేదు. ప్యాకేజీ పేరు చిరునామాలోనే పెట్టి అడిగితే జేసన్ అనే పాఠ్య రూపంలో మొత్తం వచ్చేస్తుంది. పిప్ వాడేది అంతకన్నా సాదా పేజీ, అందులో ఫైళ్ళ లంకెలు తప్ప ఏమీ ఉండవు. దాని నియమాలను 2015లో డొనాల్డ్ స్టఫ్ట్ రాశారు, 2022లో దానికీ జేసన్ రూపం వచ్చింది.

పాత పద్ధతిని ఎందుకు వదులుకున్నారన్నదే ఈ కథలో అసలు ఘట్టం. ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో ప్రశ్న ఏదైనా చిరునామా ఒక్కటే. ఏ ప్యాకేజీ, ఏ పని అన్నది సందేశం లోపల దాగి ఉంటుంది. పైగా అది పోస్ట్ పద్ధతిలో వెళుతుంది, అంటే 'ఇదిగో సమాచారం, దీన్ని చూసి ఏదైనా చెయ్యి' అని. మధ్యలో ఉండే నిల్వ సర్వర్లు చిరునామాను చూసి పనిచేస్తాయి, పోస్ట్ సందేశం లోపలికి తొంగిచూడవు. కాబట్టి లక్షమంది ఒకే ప్రశ్న అడిగినా లక్షసార్లూ అసలు డేటాబేస్ దాకా వెళ్ళాల్సిందే. జేసన్ పద్ధతిలో చిరునామాయే ప్రశ్న. ఒకరు అడిగిన జవాబును హైదరాబాద్‌కో ముంబైకో దగ్గరలోని నిల్వ సర్వర్ దాచుకుని, తర్వాత అడిగినవాళ్ళకు అక్కడికక్కడే ఇచ్చేస్తుంది. పైపీఐ రోజూ మోసే భారంలో అత్యధిక భాగం ఇలా అసలు సర్వర్‌ను తాకకుండానే తీరిపోతుంది. విరాళాల మీద, ఉచితంగా సేవలిచ్చే కంపెనీల మీద నడిచే చిట్టాకు ఇది బతుకు సమస్య.

ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ ద్వారంలో సెర్చ్ అని ఒక పని ఉండేది. పిప్ సెర్చ్ అని టైపు చేస్తే అదే నడిచేది. 'గోండి' అనో 'తెలుగు' అనో కొడితే పేరులోనో వివరణలోనో ఆ మాట ఉన్న ప్యాకేజీలన్నీ వచ్చేవి. 2020 డిసెంబరులో ఆ సెర్చ్ మీద తట్టుకోలేనంత తాకిడి వచ్చిపడింది. ఎవరు పంపుతున్నారో తేలలేదు, ఎక్కడెక్కడి నుంచో వేల యంత్రాలు అదేపనిగా వెతుకుతున్నాయి. నిర్వాహకులు ముందు తాత్కాలికంగా ఆపారు, తర్వాత శాశ్వతంగా మూసేశారు. మొదట్లో పిప్ సెర్చ్ కొట్టినవాళ్ళకు భరించలేని భారం వల్ల ఆపేశామన్న సందేశం కనబడేది. మనుషులు వెబ్‌సైటుకు వెళ్ళి వెతుక్కోవచ్చు. ప్రోగ్రాములకు మాత్రం ఆ దారి లేదు.

వెతకడానికి, అడగడానికి మధ్య ఖర్చులో తేడా చాలా పెద్దది. సర్వే నంబరు చెప్పి పహాణీ అడిగితే నిమిషంలో దొరుకుతుంది. 'వాగు అవతల, ఇప్పచెట్టు పక్కన మా తాతలు దున్నిన చెలక' అని అడిగితే ఊరి పట్వారీ లాంటి మనిషి ఒకడు ఉండాలి, ఊరంతా అతని తలలో ఉండాలి. చిట్టా కూడా అంతే. పేరు ఇస్తే ఒక్క వరుస తీసి ఇస్తుంది. మాట ఇచ్చి వెతకమంటే లక్షల వివరణలను ముందే ముక్కలు చేసి, ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో ఇంకో పెద్ద పట్టిక కట్టి పెట్టుకోవాలి. ఆ పట్టికను ప్రతి కొత్త విడుదలకూ సవరించాలి. వచ్చిన ఫలితాల్లో ఏది ముందు, ఏది వెనక అని తూకం వేయాలి.

నా అభిప్రాయంలో నిర్వాహకుల తప్పేమీ లేదు, వాళ్ళు చేయగలిగింది అదే. కానీ ఆ మూత భారం అందరి మీదా సమానంగా పడలేదు. నంపై, రిక్వెస్ట్స్ లాంటి పేర్లు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటాయి, వాటికి సెర్చ్ అక్కర్లేదు. గోండి రాతను తెలుగు లిపిలోకి మార్చుకోవాలనుకున్న ఉట్నూరు టీచరుకు సంగతి వేరు. ఆ పని చేసే ప్యాకేజీ పైపీఐలో ఉంది. దాని పేరు అక్షరముఖ. ఒక లిపిలోని పాఠాన్ని ఇంకో లిపిలోకి మార్చడం దాని పని, గుంజాల గోండి దానికి తెలుసు, 1918లో బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్‌సింగ్ మసరాం రూపొందించిన మసరాం గోండి కూడా తెలుసు. కానీ పేరులో గోండీ లేదు, తెలుగూ లేదు. పేరు ముందే తెలిస్తే జేసన్ ద్వారం క్షణంలో వెర్షన్లన్నీ చెబుతుంది. పేరు తెలియకపోతే అది అక్కడ ఉన్నట్టు ఆ ద్వారం ఎప్పటికీ చెప్పదు.

పేరు తెలిసినా ఇంగ్లీషు స్పెల్లింగ్ తెలియాలి. మన పేర్లకు స్థిరమైన స్పెల్లింగ్ ఎక్కడుంది? ఉట్నూరును రెండు ఓలతో రాసే బోర్డులున్నాయి, ఒక్క యూతో రాసే కాగితాలున్నాయి. నార్నూర్‌దీ అదే కథ. అక్షరముఖలో 'ర' తర్వాత 'ఏ' ఉందా లేదా, చివర 'ఏ' ఉందా లేదా? పైపీఐ కొంత వెసులుబాటు ఇస్తుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే, అడ్డగీత, కిందిగీత, చుక్క మూడూ ఒకటే. అంతకుమించి ఒక్క అక్షరం తప్పినా 404, అలాంటిది లేదు అని. అలా అనడమే మేలు నిజానికి, దగ్గరి పేరు ఏదో ఊహించి ఇవ్వడం కంటే. 2017 సెప్టెంబరులో స్లొవేకియా జాతీయ భద్రతా కార్యాలయం పైపీఐలో కొన్ని దొంగ ప్యాకేజీలను బయటపెట్టింది. పేరున్న ప్యాకేజీ యూఆర్ఎల్‌లిబ్3 అయితే దొంగది ఒక 'ఎల్' తగ్గించి పెట్టారు. తప్పుగా టైపు చేసేవాడి కోసం కాచుకుని కూర్చున్న పేర్లవి. స్పెల్లింగ్ నిలకడ లేని భాషలవాళ్ళు ఇలాంటి ఉచ్చులకు ఇంకా సులువుగా దొరుకుతారు. పేరు టైపు చేసి ఎంటర్ కొట్టేముందు ప్యాకేజీ పేజీ తెరిచి ఎవరు పెట్టారో, ఎప్పటినుంచి ఉందో చూసుకోవడం మంచిది.

ప్యాకేజీ పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఆ మూడు గుర్తులు తప్ప ఇంకేవీ చెల్లవు. తెలుగులో పేరు పెట్టలేం, గోండిలోనూ పెట్టలేం. వివరణ మాత్రం ఏ లిపిలోనైనా రాయవచ్చు. గుంజాల 'అ'ను 240, 145, 181, 160 అనే నాలుగు బైట్లుగా జేసన్ నిక్షేపంగా మోస్తుంది, తెరమీద చూపడానికి ఫాంటు ఉంటే చాలు. గూగుల్ వాళ్ళ నోటో కుటుంబంలో గుంజాల గోండి ఫాంటు ఉంది. అను ఫాంట్ల కాలంలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు బొమ్మలు అతికించి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలు చూసిన తరానికి ఈ తేడా విలువ బాగా తెలుసు.

వెతుకులాట లేనిచోట వర్గీకరణ కొంత ఆదుకోవాలి. ప్యాకేజీ పెట్టేవాళ్ళు ముందే ఖాయం చేసిన ముద్రల్లోంచి కొన్ని ఎంచుకుని తగిలిస్తారు. ఏ లైసెన్సు, ఏ పైథాన్, ఏ మానవభాష. ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో బ్రౌజ్ అనే పనికి ఈ ముద్రలు ఇస్తే అవన్నీ ఉన్న ప్యాకేజీల జాబితా వస్తుంది. ముద్రల్లో తెలుగు ఉంది, తమిళం ఉంది, మరాఠీ ఉంది. లాటిన్ ఉంది, ఎస్పరాంటో కూడా ఉంది. గోండి లేదు. 2011 జనగణనలో దాదాపు 30 లక్షల మంది తమ మాతృభాష గోండి అని చెప్పారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, అడిగినవాళ్ళు లేకపోవడమే.

ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో అన్నీ పోలేదు. మిగిలినవాటిలో చేంజ్‌లాగ్_సిన్స్_సీరియల్ అనే పని నాకు చాలా ఇష్టం, అది ఆలోచించిన తీరు ముచ్చటగా ఉంటుంది. పైపీఐలో ఏ మార్పు జరిగినా, కొత్త ప్యాకేజీ, కొత్త వెర్షన్, తీసివేత, దానికి ఒక వరుస సంఖ్య పడుతుంది. ఆ సంఖ్య పెరగడమే తప్ప తరగదు. చిట్టాకు నకలు ఉంచుకునే సంస్థ 'నేను ఫలానా సంఖ్య దాకా చూశాను, ఆ తర్వాత ఏం మారింది?' అని మాత్రమే అడుగుతుంది. లక్షల ప్యాకేజీల్ని ఒక్కొక్కటిగా తిరగేయక్కర్లేదు. తారీఖుతో కూడా అడగవచ్చు కదా అనిపిస్తుంది. కానీ రెండు యంత్రాల గడియారాలు సరిగ్గా కలవవు, ఒకే సెకనులో పది మార్పులు జరగవచ్చు, నెట్ మధ్యలో తెగితే ఎక్కడ ఆగామో తేలదు. వరుస సంఖ్యకు ఆ తలనొప్పులు లేవు. కరెంటు పోయి రెండు రోజుల తర్వాత వచ్చినా చివరి సంఖ్య ఒక్కటి గుర్తుంటే చాలు, అక్కడినుంచి అందుకుంటుంది. బ్యాండర్‌స్నాచ్ అనే కార్యక్రమం నకళ్ళను తయారుచేసేది ఇలాగే.

మొత్తం నకలు టెరాబైట్లలో ఉంటుంది, బడికి అంత అక్కర్లేదు. నెట్ బాగా ఉన్నచోట, ఆదిలాబాద్ పట్నంలోనో నిర్మల్‌లోనో, పిప్ డౌన్‌లోడ్ అని కొట్టి యూనికోడ్‌డేటా2, అక్షరముఖ, వాటికి కావాల్సిన మిగతావి ఫైళ్ళుగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. బడిలో చిట్టా వైపు చూడొద్దని, ఈ ఫోల్డర్‌లోనే వెతుక్కోమని పిప్‌కు చెబితే నెట్ లేకుండానే ఎక్కుతాయి. ఒక జాగ్రత్త తప్పనిసరి. దింపేచోట ఉన్న పైథాన్ 3.11, బడిలో ఉన్నది 3.6 అయితే, తెచ్చిన ఫైళ్ళలో చాలావాటిని బడి కంప్యూటరు తనవి కావని తోసిపుచ్చుతుంది. దింపేటప్పుడే బడి పైథాన్ వెర్షన్, విండోస్ రకం పేర్కొనాలి. ఇది తెలియక పెన్‌డ్రైవ్ పట్టుకుని మళ్ళీ పట్నం బస్సెక్కేవాళ్ళు ఎక్కువ.

గోండికి ముద్ర లేదన్న మాట దగ్గర ఒక విషయం మిగిలింది. ఆ ముద్రల జాబితా ఎక్కడో తాళం వేసిన గదిలో లేదు. అది కూడా పైపీఐలో ఒక ప్యాకేజీయే, పేరు ట్రోవ్-క్లాసిఫయర్స్. కొత్త ముద్ర ఎందుకు కావాలో చెప్పి ఎవరైనా దాని నిర్వాహకులను అడగవచ్చు, వాళ్ళు ఒప్పుకుంటే తర్వాతి వెర్షన్‌లో చేరుతుంది. చేరిందా లేదా అన్నది తెలుసుకోవడానికి జేసన్ ద్వారాన్ని ఆ పేరుతో అడిగి చివరి వెర్షన్ అంకె చూసి, ఫైలు దింపుకుని లోపల చూడాలి. దాని స్పెల్లింగ్‌లో చిక్కేమీ లేదు, మధ్యలో ఉన్నది అడ్డగీతైనా కిందిగీతైనా ఒకటే.